వాన్ గో చూసి గీసిన ఎండ

విన్సెంట్ వాన్ గో అనగానే పొద్దుతిరుగుడు పువ్వులు గుర్తొస్తాయి. ఆయన ఇంకొకరి బొమ్మలు ముందు పెట్టుకొని చాలానే గీశాడన్న సంగతి మాత్రం పిల్లలకి అంతగా తెలీదు. మనమేమో డ్రాయింగ్ పుస్తకం చేతికి రాగానే "చూసి గీశావా?" అని కాస్త చులకనగా అడుగుతుంటాం.

ఆయన 1853 మార్చి 30న హాలండ్‌లోని జుండెర్ట్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి పాస్టరు. బొమ్మలు అమ్మే కంపెనీలో పనిచేశాడు, పంతులు పని చేశాడు, బొగ్గుగనుల కూలీల మధ్య మతబోధ చేశాడు. ఏదీ కుదరలేదు. చివరికి 1880లో, 27 ఏళ్ల వయసులో చిత్రకళ పట్టుకున్నాడు. అప్పుడు గురువంటూ ఎవరూ లేరు. ఫ్రెంచి చిత్రకారుడు మిలే గీసిన రైతుల బొమ్మల అచ్చులు తెప్పించుకొని, వాటిని చూసి మళ్లీ మళ్లీ గీశాడు. మరుసటి ఏడాది చివర్లో బంధువైన ఆంటన్ మావ్ దగ్గర కొద్ది వారాలు ఉండి ఆయిల్ రంగుల ఓనమాలు దిద్దాడు.

తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ మిలే దగ్గరికే వచ్చాడు. 1889 మే నెలలో మనోవ్యాధితో ఫ్రాన్సులోని సాన్ రెమీ ఆసుపత్రిలో తనంతట తానే చేరాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు బయటికి వెళ్లే వీల్లేదు, కొన్నాళ్లు రంగులు కూడా చేతికివ్వలేదు. కూర్చోబెట్టి గీద్దామంటే మనుషులు దొరకరు. తమ్ముడు తెయో పంపిన మిలే అచ్చులే దిక్కయ్యాయి.

వాటిలో ఒకటి మధ్యాహ్నం పొలంలో కునుకు తీస్తున్న కూలి దంపతుల బొమ్మ. గడ్డివాము నీడ, పక్కన కొడవళ్లు, విప్పి పెట్టిన చెప్పులు, దూరంగా ఎడ్లబండి. అచ్చు నలుపు తెలుపుల్లోనే ఉంది. రంగులన్నీ ఆయనే ఊహించుకోవాలి. ఎండ పడ్డ గడ్డికి పసుపు, నారింజ. నీడకి, బట్టలకి, ఆకాశానికి నీలం, ఊదా. నీడంటే నలుపు పూసేయడం కాదన్నమాట. పసుపు పక్కన నీలం ఉండటం వల్లే ఆ ఎండ అంత చురుక్కుమంటుంది. కుంచె కూడా గడ్డిపోచలు వాలిన వైపే నడిచింది. 1890 జనవరికి బొమ్మ పూర్తయింది.

తమ్ముడికి రాసిన ఉత్తరంలో ఈ పనిని సంగీతంతో పోల్చాడు: బీథోవెన్ రాసినదాన్ని వాయించేవాడు తన మనసు కూడా కలిపి వాయిస్తాడు కదా అని. మనకైతే త్యాగరాజ కృతి అనుకుంటే సరిపోతుంది. కృతి ఒకటే, పాడేవాళ్లని బట్టి కొత్తగా వినిపిస్తుంది.

మిలే బొమ్మలు ఇలా ఇరవైకి పైగా వేశాడు. ఆ జనవరిలోనే వేసిన 'తొలి అడుగులు' కోసం ఫొటో మీద గడులు గీసుకొని, గడి గడికీ కాన్వాసు మీదకి ఎక్కించాడు. మన డ్రాయింగ్ క్లాసులో చేసేదీ అదే! తోటలో పాప తప్పటడుగులు వేస్తుంటే తండ్రి చేతులు చాచి కూర్చున్న బొమ్మ అది. అప్పుడు తెయో భార్య నిండు గర్భిణి. 31వ తేదీన కొడుకు పుట్టాడు, పెదనాన్న పేరే విన్సెంట్ అని పెట్టారు.

ఆ జూలై 29న వాన్ గో చనిపోయాడు. వయసు 37. మధ్యాహ్నపు కునుకు బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆ జనవరిలో పుట్టిన పిల్లవాడు పెద్దయ్యాక, ఇంట్లో ఉన్న పెదనాన్న బొమ్మలు చెదిరిపోకుండా కాపాడి, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం రావడానికి కారణమయ్యాడు. అది 1973లో తెరుచుకుంది.