పాల్కురికి సోమనాథుని ద్విపద లెక్క

కాకతీయుల కాలమున ఓరుగల్లు సీమలో వెలసిన కవులలో పాల్కురికి సోమనాథుడు అగ్రగణ్యుడు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో జనగామ జిల్లాలో చేరిన పాలకుర్తియే ఆయన స్వగ్రామమని పలువురు పండితుల నిర్ణయము. తండ్రి విష్ణురామిదేవుడు, తల్లి శ్రియాదేవి. సంస్కృతాంధ్ర కర్ణాటక భాషలు మూడింటను రచనలు చేసిన విద్వాంసుడాయన. వృషాధిప శతకమున చంపకోత్పలమాలలను అవలీలగా నడపెను. అట్టివాడు బసవేశ్వరుని చరిత్రకు మాత్రము, పండితులు చులకనగా చూచిన ద్విపదను చేపట్టెను. అక్షరములు రాని శివభక్తులు సైతము పాడుకొనవలెనని ఆయన కోరిక.

ద్విపద నిజముగా పేద ఛందస్సేనా? లెక్కించి చూతము. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. నలము, నగము, సలము, భగణము, రగణము, తగణము అని ఇంద్రగణము లారు. నగణము, హగణము అని సూర్యగణములు రెండు. మొదటి చోట ఏ గణము పడినను రెండవ చోట ఆరింటిలో దేనినైనను వేయవచ్చును; కనుక ఆరును ఆరును కూడరాదు, గుణింపవలెను. 6 × 6 × 6 × 2 = 432. ఒక్క పాదమునకే ఇన్ని నడకలు! రెండు పాదములకు 432 × 432, అనగా 1,86,624.

అయితే ప్రాస యున్నది. ప్రాసకు ముందరి యక్షరము మొదటి పాదమున గురువైన రెండవ పాదమునను గురువే, లఘువైన లఘువే కావలెను. ఇంద్రగణములలో మూడు లఘువుతోను, మూడు గురువుతోను మొదలగును. కావున రెండవ పాదమున మొదటి చోట ఆరింటికి మూడే మిగులును. 432 సగమై 216 అగును. 432 × 216 = 93,312. యతి వర్ణమైత్రికి సంబంధించినదే గాని గురులఘువులను మార్చదు. ఉత్పలమాలలోనో, ప్రతి గణమునకు ఒక్కటే యెన్నిక. ఎన్ని ఒకట్లను గుణించినను ఒకటే. అచ్చతెలుగు మాట ఆ మూసలో ఇమడకున్న దానిని వదలుకొనవలసినదే. ద్విపదలో మాటను బట్టి గణమును మార్చుకొనవచ్చును. జానుతెనుగును మెచ్చిన సోమనాథునకు ఇంతకంటె అనువైన ఛందస్సు ఏది? అదియు చాలక, పండితారాధ్య చరిత్రమున ప్రాస నియమమును సైతము సడలించెను.

పండితుల చులకన మాత్రము తొలగలేదు. తరువాతి కాలమున పిడుపర్తి సోమనాథుడు బసవపురాణమును పద్యకావ్యముగా మరల వ్రాసెను. కన్నడమున భీమకవి 1369లో దానిని షట్పదిలో రచించెను.