శ్రీ ధర్మానంద కోసంబిగారి చరిత్రము

బుద్ధభగవానుని ధర్మమును క్రొత్తగా తెలిసికొనగోరువారు ఏ గ్రంథములు చదువవలయును, ఎచ్చట ప్రారంభింపవలయును అని మిత్రులు పలుమారు మమ్మడుగుచుందురు. పుస్తకముల పట్టిక నొకదాని వ్రాసి యిచ్చుట సులభమే. కాని పట్టికకంటె నొక మహనీయుని జీవితమే ఈ ప్రశ్నకు చక్కని సమాధానమని మాకు తోచినది. వారు ఈ ప్రశ్ననే తమకు తాము వేసికొని, సమాధానము దొరకుటకై ఇంచుమించు ఏడేండ్లు దేశదేశములు తిరిగిరి. దొరకిన పిమ్మట, ఇతరులు తమవలె తిరుగ నక్కఱలేకుండ మిగిలిన నలువదియేండ్లు పాటుపడిరి. వారే ధర్మానంద కోసంబిగారు.

వారు 1876వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన, పోర్చుగీసువారి యేలుబడియందుండిన గోవాలో, సాంఖవాళ గ్రామమున నొక సారస్వత బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. కొబ్బరితోటల పనియే వారి యింటి జీవనము. పాఠశాలలో నేర్చిన చదువు స్వల్పము. బాల్యముననే వివాహమును జరిగెను. ఒకనాడు ‘బాలబోధ’ మను మరాఠీ బాలుర పత్రికలో బుద్ధుని గూర్చిన వ్యాస మొకటి వారి కంటబడెను. ఆ చిన్న వ్యాసమే వారి జీవితమును మార్చినది. పిమ్మట ఎడ్విన్ ఆర్నాల్డు కావ్యము ననుసరించి మరాఠీలో వెలసిన బుద్ధచరిత్రమును సంపాదించి చదివిరి. అది హృదయమును కరగించినదేగాని బుద్ధికి తృప్తి నొసగలేదు. బుద్ధుడు నిజముగా నేమి బోధించెనో తెలుపు గ్రంథము వారి యెఱుకలో మాతృభాషయందు లేకుండెను.

1899వ సంవత్సరము చివర వారు ఇల్లు విడిచిరి. ఈ సంగతిని మేము పొగడ్తలతో దాటిపోజాలము. ఇంటియొద్ద యౌవనవతియగు భార్యయు, చంటిబిడ్డయగు కూతురును మిగిలిరి. స్త్రీల దురవస్థనుగూర్చి సభలలో మాటలాడు మనము, ఒక పురుషుని జ్ఞానతృష్ణకు ఒక స్త్రీ చెల్లించిన మూల్యమును లెక్కలో వేయకుండుట న్యాయముగాదు. ఆ విద్య యెంత విలువైనదో, దానికై మరియొకరు పడిన కష్టమును అంత విలువైనదే.

పుణె నగరమున వారు రామకృష్ణ గోపాల భండార్కరుగారిని దర్శించి, ప్రార్థనాసమాజమువారి యాశ్రయమున కొంతకాలము నిలిచిరి. సంస్కృతము రానిదే ముందునకు సాగుట కష్టమని గ్రహించి కాశికి బోయి, అన్నసత్రములలో భుజించుచు శాస్త్రులయొద్ద చదివిరి. 1902వ సంవత్సరమున, బుద్ధుడు పుట్టిన దేశమున బౌద్ధము సజీవముగా నుండునని తలంచి నేపాళమునకు బోయిరి. అచ్చట వారికి పూజావిధులును పశుబలులును కానవచ్చెనేగాని వెదకిన ధర్మము కానరాలేదు. నిరాశతో బుద్ధగయకు వచ్చిరి. పాలిభాషను నేర్వగోరినచో సింహళమునకు బోవలయునని తెలిసికొని, కలకత్తా మార్గమున నాద్వీపము చేరి, కొలంబోయందలి విద్యోదయ పరివేణమున సుమంగళ మహాస్థవిరునియొద్ద శిష్యులైరి. శ్రామణేరదీక్ష నంది పాలిత్రిపిటకము నభ్యసించిరి. పిమ్మట బర్మాకు బోయి యచ్చటి భిక్షువులయొద్ద ధ్యానాభ్యాసము చేసిరి. మన దేశమున పుట్టిన ధర్మమును మన దేశస్థుడే సింహళలిపిలోను బర్మాలిపిలోను చదువుకొనవలసివచ్చెను. ఇంతకన్న మనము సిగ్గుపడవలసిన విషయ మేమున్నది?

1906వ సంవత్సరమున వారు కలకత్తాకు తిరిగివచ్చి, జాతీయ కళాశాలలోను విశ్వవిద్యాలయమునందును పాలిని బోధించిరి. ఆ యుద్యోగము నిలుపుకొనియుండిన సుఖముగా కాలము గడచియుండెడిది. కాని బరోడా మహారాజగు సాయాజీరావు గాయకవాడుగారు, మహారాష్ట్రమున నివసించి ఏటేట నొక గ్రంథము వ్రాసినచో నెలకు 50 రూపాయలిత్తుమనగా, వారు పెద్దజీతమును విడిచి ఈ చిన్న వేతనమునే స్వీకరించిరి. తాము బాలుడై వెదకి కానని గ్రంథములను తామే వ్రాయుటకు పూనుకొనిరి. బరోడాలో చేసిన ఉపన్యాసములు 1910లో బుద్ధ ధర్మ సంఘములను గూర్చిన పుస్తకముగా వెలువడెను. 1914లో ‘బుద్ధలీలాసారసంగ్రహము’, 1925లో ‘సమాధిమార్గము’ ప్రకటితములాయెను. ఇవి యన్నియు సామాన్యులకు తెలియు మరాఠీలో వ్రాయబడినవే. 1912 మొదలు 1918 వరకు ఫెర్గుసన్ కళాశాలలో పాలిని బోధించిరి. ఆనాటి శిష్యులలో నొకరగు పి. వి. బాపటుగారి సంపాదకత్వముననే 1956లో, బౌద్ధధర్మము యొక్క రెండువేల ఐదువందల సంవత్సరముల చరిత్రము ప్రకటింపబడినది. క్రొత్తవారికి నేటికిని అది యుపయోగకరమగు గ్రంథము.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున, వారెన్ పండితుడు అసంపూర్తిగా విడిచి మరణించిన ‘విశుద్ధిమార్గ’ పరిష్కరణమును పూర్తిచేయుటకు కోసంబిగారు 1910లో పిలువబడిరి. గ్రంథముఖపత్రమున తమ కృషికి తగిన స్థానము విషయమై లాన్మను పండితునితో భేదము కలుగగా, ఆత్మగౌరవము విడువక తిరిగివచ్చిరి. మరల పలుమారు పోవలసివచ్చెను. ఆ గ్రంథము హార్వర్డునుండి వెలువడినది 1950లో, వారు గతించిన పిమ్మట. నాగరిలిపిలో మాత్రము వారి పరిష్కరణము 1940లో బొంబాయియందే ముద్రితమైనది. ఈ గ్రంథకర్తయగు బుద్ధఘోషుడు గయాప్రాంతపు బ్రాహ్మణుడను ప్రసిద్ధ కథను కోసంబిగారు అంగీకరింపక, ఆయన దక్షిణదేశీయుడు, తెలుగుదేశమువాడై యుండునని వాదించిరి. అందుచేత ఆంధ్రులకు ఈ గ్రంథముపై ప్రత్యేకాదర ముండదగును.

1940, 1941 సంవత్సరములలో ప్రకటితమైన ‘భగవాన్ బుద్ధ’ వారి గ్రంథములలో ప్రసిద్ధమైనది. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. వ్యవహారమున అసలు దస్తావేజును చూపక నకలుకు నకలును తెచ్చినవాని మాటను మేము సులభముగా నమ్మము. కోసంబిగారు బుద్ధచరిత్రమునకు ఈ నియమమునే వర్తింపజేసిరి. వృద్ధుని, రోగిని, శవమును చూచి సిద్ధార్థుడు ఇల్లు విడిచెనను కథ, మహాపదాన సుత్తమున పూర్వబుద్ధుడగు విపశ్యికి సంబంధించినదిగా నున్నదని చూపిరి. సుత్తనిపాతమునందలి అత్తదండ సుత్తమును ఆధారము చేసికొని, శాక్యులకును కోలియులకును రోహిణీనదీజలములకై కలిగిన కలహమే గృహత్యాగమునకు కారణమని యూహించిరి. అంబేడ్కరుగారి మరణానంతరము 1957లో వెలువడిన బుద్ధచరిత్రమునను ఈ కారణమే కానవచ్చుచున్నది. ఇది యూహయేగాని నిర్ణయము కాదు. చదువరులు దీని నంగీకరింపవలయునని మేము కోరము. ఏ మాటకు ఏ యాధారము కలదో విచారించు పద్ధతిని మాత్రము గ్రహింపవలయునని కోరుచున్నాము.

వారి పాండిత్యము గ్రంథములతోనే నిలువలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చేరి కారాగారమున కేగిరి. బొంబాయిలోని పరేలు పేటలో శ్రామికజనుల నడుమ బహుజనవిహారమును స్థాపించిరి. వార్ధక్యమున శరీరము శిథిలమై, ఇతరులకు భారము కారాదని తలంచి, 1947 జూను మాసమున సేవాగ్రామమున నిరాహారులై దేహము చాలించిరి. గాంధిగారు అంతకుముందు వారి నీ సంకల్పమునుండి మరలించియుండిరి. ఈ విధమగు మరణమును మేము ఆదర్శముగా చూపజాలము. వారి చరిత్రమున మనము అనుసరింపదగినది ఆ జీవితమేగాని ఆ యంతము కాదు.

కావున, చదువరులారా, మొదట ధమ్మపదమును, పిమ్మట సుత్తనిపాతమును చదువుడు. తరువాత దీఘ, మజ్ఝిమ నికాయములనుండి కొన్ని సుత్తములను గ్రహింపుడు. విశుద్ధిమార్గమును అటుపిమ్మటనే తెరువుడు. రమ్యములగు కావ్యములను కథలను ఆనందమునకై చదువుడు, ప్రమాణమునకై కాదు. ఏ గ్రంథము చేతికి వచ్చినను, ఇందు మూలమెంత, వ్యాఖ్య యెంత, అనువాదకుని సొంతమాట యెంత యని యడుగుడు. సాధ్యమైనచో తెలిసిన గురువునొకని నాశ్రయింపుడు. నాలందావారు నలువదియొక్క సంపుటములలో పాలిత్రిపిటకమును నాగరిలిపిలో ముద్రించియున్నారు గనుక, లిపికొఱకు సముద్రము దాటవలసిన యక్కఱ నేడు లేదు. తెలుగున ధమ్మపదమునకు అనువాదములు కలవు. వీనిని తాము చదువుటతో తృప్తినొందక, పల్లెలోని బాలునకు తెలియు మాటలలో ఒక్క సుత్తము నైనను తెలిగించి యిచ్చువారు కోసంబిగారి ఋణమును కొంత తీర్చినవారగుదురు. ఒక చిన్న పత్రికలోని యొక చిన్న వ్యాసము ఎంత దూరము నడిపింపగలదో వారి జీవితమే సాక్ష్యము.