ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

చరిత్రకు సాక్షులు అనేకం. శాసనాలున్నాయి, తామ్రపత్రాలున్నాయి, తవారీఖులున్నాయి. గడచిన శతాబ్దిన్నర కాలానికి వీటితోపాటు గాజు పలక కూడా సాక్షిగా వచ్చి చేరింది. హైదరాబాదు రాజ్యాన్ని గూర్చి గ్రంథాలు రచించినవారు ఎందరో ఉన్నారు. అయితే ఆరవ నిజాము కాలపు దర్బారులను, షికారులను, మహళ్లను, కరవులో చిక్కిన పేదజనాన్ని మన కన్నుల ఎదుట నిలిపిన ఘనత ప్రధానంగా ఒక వ్యక్తికి చెందుతుంది. ఆయనే రాజా దీన్ దయాళ్. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయడం, ఆరుబయటి వెలుగుతో ఆయన వృత్తి సాగించిన పోరాటం ఎటువంటిదో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో జన్మించినారు. బేగం సమ్రూ పాలించిన జాగీరుగా, ఆమె కట్టించిన చర్చి ఉన్న ఊరుగా సర్ధనా చరిత్రలో ప్రసిద్ధం. వారిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. దీన్ దయాళ్ కులవృత్తి వైపు పోక రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివినారు. నేటి రూర్కీ ఐ.ఐ.టి. ఆ కళాశాలకు వారసురాలు. 1866లో చదువు ముగించుకొని ఇందూరులోని పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసేవారుగా, నక్షాలు గీసేవారుగా ఉద్యోగంలో ప్రవేశించినారు. గోడ ఎంత నిటారుగా ఉన్నదో, తోరణం ఏ కొలతలో ఒదిగినదో చూచి గ్రహించడం ఆయన నిత్యకృత్యం. ఈ కొలతల చదువు వృథా పోలేదు. తరువాతి కాలంలో ఆయన తీసిన చిత్రాలలో కనిపించే సమతూకానికి ఇదే పునాది అని మేము భావిస్తున్నాము.

ముప్పై ఏళ్ల వయస్సులో, 1874లో, ఆయన కెమెరా చేపట్టినారు. అప్పటి మధ్యభారత ఏజెంటు సర్ హెన్రీ డేలీ, ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించినారు. 1875-76లో వేల్సు యువరాజు, అనగా తరువాత ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి అయినవాడు, భారతదేశ యాత్రకు వచ్చినప్పుడు ఆ సందర్భపు చిత్రాలు తీసే అవకాశం ఆయనకు లభించింది. జీతం నౌకరీకి, మనసు కెమెరాకు అన్నట్లుగా ఆయన కొన్ని సంవత్సరాలు గడిపినారు.

ఆ రోజులలో ఫోటో తీయడమంటే ఎంత శ్రమ అన్నది నేటి విద్యార్థులు ఊహించడం కష్టం. అప్పుడు వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దానిపై కలోడియన్ అనే జిగట ద్రవం సమంగా పోసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో అమర్చి చిత్రం తీయవలె. వెంటనే చీకటి గుడారంలోకి తీసుకొని పోయి రసాయనాలతో కడగవలె. ఇదంతా కొన్ని నిమిషాలలో ముగియవలసిన పని. మన ఎండలలో పలక మరింత త్వరగా ఆరిపోతుంది. కనుక అడవికి పోయినా, కోట ఎక్కినా గుడారం, నీళ్లు, రసాయనాల సీసాలు, గాజు పెట్టెలు, ముక్కాలిపీట అన్నీ వెంట రావలసిందే. ఒక్క కుదుపుకు ఒక దినపు శ్రమ ముక్కలయ్యేది. చిత్రాన్ని పెద్దది చేసుకొనే సౌకర్యం అంతగా లేనందున ఎంత పెద్ద చిత్రం కావలెనో అంత పెద్ద పలకనే మోయవలసి వచ్చేది. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని ఆ పలకకు ఆనించి ఎండలో పెట్టి ప్రతిని తయారుచేసేవారు.

ఇక వెలుగు మాట. ఆరుబయట ఎండ ధారాళంగా ఉన్నది గదా, ఇంక కష్టమేమి అని కొందరు అనుకోవచ్చు. నిజానికి కష్టమంతా అక్కడే ఉన్నది. నాటి పలకలు నీలి వెలుగుకు అతి త్వరగా లొంగేవి, ఎరుపుకు దాదాపు స్పందించేవి కావు, పచ్చదనానికి స్పందించడమూ తక్కువే. అందువల్ల ఆకాశం మబ్బుల జాడ లేకుండా తెల్లబడిపోయేది, చెట్ల ఆకులు నల్లని ముద్దగా మారేవి, ఎర్ర తలపాగా కారునలుపుగా వచ్చేది. షామియానా క్రింద కూర్చున్నవారు నీడలో ఉంటారు, బయట నిలిచినవారు మండుటెండలో ఉంటారు. రెంటికీ సరిపడే వెలుగు ఏ కటకమూ ఇవ్వజాలదు. ఏనుగు అంబారీ నీడలో దొరగారి ముఖం మునిగిపోతుంది. తెల్లని ధోవతి, ఎండకు కమిలిన ముఖం గల రైతు నడిపొద్దున పొలంలో నిలిచినాడనుకొందాము. ధోవతికి తగినట్లు వెలుగు కొలిస్తే ముఖం చీకటవుతుంది. ముఖానికి తగినట్లు కొలిస్తే ధోవతి మాడిపోయి తెల్లని మచ్చగా మిగులుతుంది. దీనికితోడు దుమ్ము, గుర్రాల కదలిక, జనసమ్మర్దం. వెలుగును కొలిచే యంత్రాలు చేతికి అందిరాని ఆ కాలంలో కన్నే కొలమానం, అనుభవమే గురువు.

ఈ విద్యలో దీన్ దయాళ్ పరిణతి 1880 తరువాత లోకానికి వెల్లడైంది. సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట ఆయన బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించి ప్రాచీన కట్టడాల చిత్రాలు తీసినారు. వాటిలో 86 చిత్రాలు మధ్యభారతంలోని సుప్రసిద్ధ కట్టడాలను గూర్చి 1886లో గ్రిఫిన్ వెలువరించిన గ్రంథంలో చేరినవి. గ్వాలియరు కోట, సాంచీ స్తూప తోరణం వంటివి ఆ చిత్రాలలో శిల్పివాని ఉలిదెబ్బతో సహా కనిపిస్తాయి. నెత్తిన ఎండ ఉన్నప్పుడు శిల్పం చదునుగా కనిపిస్తుంది. ప్రక్కనుంచి ఏటవాలు వెలుగు పడినప్పుడే దాని లోతు తెలుస్తుంది. ఆ ఘడియ కొరకు వేచి ఉండే ఓర్పు లేనివానికి కట్టడాల చిత్రణ సాధ్యం కాదు.

అంతలో ముందుగా తయారుచేసి ఉంచుకోదగిన పొడి పలకలు వాడుకలోకి వచ్చినవి. చీకటి గుడారపు బెడద తగ్గింది, కదిలే దృశ్యాలను పట్టడం సులువైంది. ఇదే సమయంలో దీన్ దయాళ్ జీవితంలో పెద్ద నిర్ణయం తీసుకొన్నారు. నిశ్చింతగా జీతం వచ్చే ప్రభుత్వోద్యోగాన్ని వదలి ఫోటోగ్రఫీనే జీవనోపాధిగా స్వీకరించినారు. 1885లో వైస్రాయి లార్డ్ డఫరిన్ ఆయనను తన ఫోటోగ్రాఫరుగా నియమించినాడు. ఆ ప్రాంతంలోనే ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణ లభించడంతో ఆయన హైదరాబాదుకు తరలివచ్చినారు. 1886 నాటికి సికింద్రాబాదులో ఆయన స్టూడియో వెలసింది.

హైదరాబాదులో ఆయన చూడని ఉత్సవం లేదు, తీయని మహలు లేదు అంటే అతిశయోక్తి కాబోదు. ఫలక్‌నుమా వైభవం నేటికీ నిలిచి ఉన్నది. బషీర్‌బాగ్ మహలు మాత్రం నేలమట్టమై ఆ పేరుగల వీధులలోనూ, నాటి చిత్రాలలోనూ మిగిలింది. 1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే ఖితాబు ప్రసాదించినారు. ముసవ్విర్ అంటే చిత్రించువాడు, జంగ్ అంటే యుద్ధం. చిత్రరంగంలో యోధుడని మనం తెలుగులో చెప్పుకోవచ్చు. స్వయంగా కవి అయిన నిజాము ఆయన ప్రజ్ఞను మెచ్చి ఉర్దూలో ఒక ద్విపద చెప్పిన సంగతి హైదరాబాదీలకు తెలియనిది కాదు. జైన కుటుంబంలో జన్మించిన కళాకారునికి ముస్లిం ప్రభువు ఖితాబునిచ్చి, కవితతో సత్కరించడం ఈ నగరపు సంస్కారానికి తగినట్లే ఉన్నది.

మా విద్యార్థినులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పినారు. దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించినారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు తమ మర్యాదకు భంగం లేకుండా, తమ రూపం తమవారికి మిగిలేటట్లు చిత్రాలు తీయించుకొనే వీలు దీనివల్ల కలిగింది.

షికారు చిత్రాలు ఆయనకు ఎంతో పేరు తెచ్చినవి. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ వరంగల్ ప్రాంతానికి పులివేటకు వచ్చినాడు. నెక్కొండ సమీపంలో చంపిన పులి దగ్గర కర్జన్ దంపతులు నిలిచిన చిత్రం దేశదేశాలలో ప్రసిద్ధమైంది. ఆ చిత్రం చూచినవారికి వైస్రాయి పేరు తెలుసు, ఆయన భార్య పేరు తెలుసు. పులిని కదలించుటకు డప్పులు మోగిస్తూ అడవిలో దూరే పల్లెజనం పేర్లు మాత్రం ఇటువంటి షికారు చిత్రాలలో చాలావాటికి దొరకవు. వేటలో ప్రాణాపాయానికి ముందు నిలిచేది వారే గదా!

ఈ వైభవం ప్రక్కనే మరొక దృశ్యం ఉన్నది. ఆనాడు నిజాము రాజ్యంలో భాగమైన ఔరంగాబాదు ప్రాంతపు కరవు సహాయ కార్యక్రమాల చిత్రాలు కూడా దీన్ దయాళ్ స్టూడియో నుండి వెలువడినవి. 1899-1900 కరవు దక్కను ప్రజలను ఎంతగా కుంగదీసినదో చరిత్ర చదివినవారికి తెలుసు. ఈ చిత్రాలు ప్రభుత్వం చేసిన మేలును లోకానికి చూపుటకు ఉద్దేశించినవే. ఐనా కెమెరా తనకు చెప్పిన దానికంటె ఎక్కువే చూస్తుంది. మేలు చేసినవారి కీర్తితోపాటు మేలు పొందవలసి వచ్చినవారి దైన్యం కూడా పలకపై పడింది. పోషకుని కొలువులో ఉన్న కళాకారుడు ఎంతవరకు నిజం చూపగలడు అన్న ప్రశ్న ఇక్కడ మనకు ఎదురవుతుంది. ఆయన ఎదిరించి పలికినవారు కారు. అయితే పేదవాని ముఖాన్ని చీకటిలో వదిలివేయలేదు. ఆ చిత్రాలు లేకున్న ఆ మనుష్యుల జాడ అంకెలలో తప్ప మరెక్కడా మిగిలేది కాదు. మా దృష్టిలో దర్బారు చిత్రాలకంటె ఇవే విలువైనవి.

1896లో బొంబాయిలో కూడా ఆయన స్టూడియో వెలసింది. విక్టోరియా రాణి నియామకపత్రం కూడా ఆయనకు లభించింది. 1903 ఢిల్లీ దర్బారు చిత్రాలు ఆయన చివరి గొప్ప కృషి. ఆ మరుసటి సంవత్సరమే కుమారుడు ధరమ్‌చంద్ మరణించినాడు. 1905 జూలైలో దీన్ దయాళ్ కూడా పరమపదించినారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ ఆ వృత్తిని కొనసాగించినాడు.

గాజు పగిలే స్వభావం గలది. ఐనా ఆయన పలకలు కాలాన్ని గెలిచినవి. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను సేకరించి భద్రపరచింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోని ఫోనులో కెమెరా ఉన్నది. వెలుగును అదే కొలుస్తుంది, రంగులను అదే దిద్దుతుంది. మిగిలిన పని రెండే. మొదటిది, సరైన ఘడియ కొరకు ఓర్పుతో వేచి ఉండడం. రెండవది, ఎవరి ముఖాన్ని వెలుగులో ఉంచవలెనో నిర్ణయించుకోవడం. మన ఊరి జాతరను, ఉర్సును, వరికోతను, కళాశాల క్రీడోత్సవాన్ని చిత్రించినప్పుడు వేదికపైని పెద్దలతోపాటు షామియానా కట్టినవారిని, నీళ్లు మోసినవారిని కూడా చిత్రించండి. ఆ చిత్రం క్రింద తేదీ, ఊరు, అందరి పేర్లు వ్రాసి ఉంచండి. నూరేండ్ల తరువాత ఎవరైనా ఆ చిత్రం చూచినప్పుడు పేరు తెలియని మనిషి అందులో ఒక్కడూ ఉండకూడదు. దీన్ దయాళ్ వంటి ఉస్తాదుకు మనం చెల్లించగల గురుదక్షిణ ఇదే.