సామియా యూసుఫ్ ఒమర్: అందరికన్నా చివర వచ్చినా చప్పట్లు ఆమెకే

సామియా 1991లో సోమాలియా రాజధాని మొగదీషులో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి హత్యకు గురయ్యాడు. తల్లి పండ్లు అమ్మి ఇల్లు నడిపేది. సామియా బడి మానేసి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకుంది. యుద్ధంలో గుంతలు పడ్డ స్టేడియంలోనే పరుగు నేర్చుకుంది. ఆడపిల్లకు ఈ పరుగులేంటని బెదిరించినా మానలేదు.

2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అప్పటికి వయసు 17. వేసుకున్న బూట్లు సూడాన్ జట్టు ఇచ్చినవి. 200 మీటర్ల హీట్‌లో జమైకాకు చెందిన వెరోనికా క్యాంప్‌బెల్ 23.04 సెకన్లలో గీత దాటింది. సామియాకు 32.16 సెకన్లు పట్టింది. అందరూ చేరాక ఒంటరిగా పరుగెత్తుతున్న ఆ పిల్ల కోసం స్టేడియమంతా చప్పట్లు కొట్టింది.

ఇంటికొస్తే మళ్లీ అవే బెదిరింపులు. తాను క్రీడాకారిణినని దాచుకుని బతకాల్సి వచ్చింది. కోచ్ కోసం ఇథియోపియా వెళ్లింది. లండన్ ఒలింపిక్స్ మీద ఆశతో సూడాన్, లిబియా మీదుగా యూరప్ దారి పట్టింది. 2012 ఏప్రిల్‌లో ఇటలీకి వెళ్తూ మధ్యధరా సముద్రంలో మునిగి చనిపోయింది. లండన్ పోటీలు ముగిశాక ఆ కబురు లోకానికి తెలిసింది.

ఆమెకు కావాల్సింది ఒక కోచ్, భయం లేని ఒక మైదానం. వాటి కోసమే అంత దూరం వెళ్లింది.