నీటిచిమ్ముతో పడవ నడపిన సర్ విలియం హామిల్టను

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములవారికి కృష్ణయు, మునేరును, పాలేరును చిరపరిచితములు. పూర్వము కృష్ణామండలమున మెట్ట తాలూకాలుగా నుండి, 2022 వ సంవత్సరమున ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరిన యీ భూమిలో, వేసవియందు మోకాలిలోతు నీరైన లేక యిసుక తిన్నెలును రాతిగుండ్లును బయల్పడియుండు నేఱే, వానకాలము వచ్చినంతనే యొక్క రాత్రిలో గట్లు దాటి పాఱును. ముక్త్యాల రేవున బల్లకట్టు నడపినవారిని గాని, పుట్టి వేయు జాలరులను గాని అడిగిచూడుడు. లోతైన నీటికంటె లోతులేని నీటిలో పడవ నడపుటయే కష్టమని వారు చెప్పుదురు. ఇట్టి యేళ్ళ నడుమనే పుట్టి పెరిగి, చేరెడు నీటిలో పరుగెత్తగల మోటారు పడవను లోకమునకు సమకూర్చియిచ్చిన యొక గొఱ్ఱెల పెంపకందారుని చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాను.

ఆయన పేరు చార్లెసు విలియం ఫీల్డెన్ హామిల్టను. ఎల్లరును బిల్ అని పిలిచెడివారు. న్యూజిలాండు దేశపు దక్షిణ ద్వీపమున ఫెయిర్లీ అను గ్రామమునకు సమీపముననున్న ఆష్విక్ అను గొఱ్ఱెల క్షేత్రమున 1899 వ సంవత్సరము జూలై 26 వ తేదీన ఆయన జన్మించెను. క్రైస్టుచర్చి నగరములోని పాఠశాలలో చదివెను గాని, యంత్రశాస్త్రమున నే కళాశాల పట్టమును ఆయన పొందలేదు. 1921 లో మెకంజీ యను ప్రాంతములో ఐరిష్‌మన్ క్రీకు అను పెద్ద క్షేత్రమును కొని, అచ్చట గొఱ్ఱెలను పెంచుచు జీవించెను. ఆయన భార్య పెగ్గీ. ఆమెయే తరువాత 1969 లో భర్త జీవితమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను.

యౌవనమున ఆయనకు మోటారు బండ్ల పిచ్చి మెండు. 1930 లో ఇంగ్లండు వెళ్ళి, బ్రూక్లాండ్సు అను ప్రసిద్ధమైన పందెపు బాటమీద బెంట్లీ కారు నడపి గెలుపొందెను. అయినను ఆ సంగతితో మనకు నంతగా పని లేదు. ఆయన యింటికడ చేసిన పని చూడుడు. ఆ మారుమూల క్షేత్రమునకు విద్యుచ్ఛక్తి లేకుండెను. వాగునకు ఆనకట్ట వేసి నీటిశక్తితో దీపములు వెలిగించుకొందమని తలంచెను. ఆనకట్టకు మన్ను త్రవ్వి మోయవలెను, కూలివాండ్రు చాలరు. అందుచే మన్ను గోకి యెత్తు పాఱ వంటి యంత్రము నొకదానిని తానే కల్పించెను. ఆనకట్ట పూర్తియయ్యెను, దీపములు వెలిగెను, అంతటితో నాగక చుట్టుపట్లవారు మాకును అట్టి యంత్రము చేసిపెట్టుడని వచ్చిరి. ఇట్లు గొఱ్ఱెల దొడ్డి ప్రక్కన నొక కమ్మరికొట్టము వెలసి, రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆయుధ సామగ్రియు తయారు చేసి, యుద్ధానంతరము క్రైస్టుచర్చిలో పెద్ద కర్మాగారమయ్యెను.

ఆయనకు చిన్ననాటినుండి యొక కోరిక మాత్రము తీరకుండెను. ఆ ప్రాంతపు నదులు మంచుకొండలనుండి దిగి, గులకరాళ్ళ పఱపులమీద పాయలు పాయలుగా చీలి, మరల కలిసి, వడిగా పాఱును. చాలచోట్ల లోతు జానెడు మాత్రమే. ప్రవాహముతో దిగువకు పోవుట కష్టము గాదు. ఎదురెక్కి పోవలెనన్నచో మార్గము లేదు. మోటారు పడవకు అడుగున పంకా యుండును గదా. అది గులకరాళ్ళకు తగిలి రెక్కలు విఱిగిపోవును. ఏటికి ఎదురుగా పడవలో పోవలెనని ఆయన యేబదియేండ్లు దాటువఱకును తలపోయుచునే యుండెను.

పంకా లేకుండ, నీటిని ముందునుండి పీల్చి వెనుకకు చిమ్మి పడవను నడుపుట యనునది ఆయన క్రొత్తగా కనిపెట్టినది గాదు. అమెరికాలో జేమ్సు రమ్సే అనువాడు ఆవిరి పంపుతో నిట్టి పడవను 1787 లోనే పొటామకు నదిమీద నడపెను. ఇంగ్లీషు నౌకాదళమువారును 1866 లో వాటర్‌విచ్ అను నోడను అట్లు చేయించిరి. ఏదియు లాభకరముగా నడువలేదు. హామిల్టను సయితము తాను దీనిని కనిపెట్టితినని యెన్నడును చెప్పుకొనలేదు. ఆ గౌరవము పురాతన గ్రీకు పండితుడగు ఆర్కిమిడీసునకు చెందునని నవ్వుచు ననెడివాడు.

ఇక్కడ విద్యార్థులకు సామాన్యముగా కలుగు నొక భ్రమను తీర్చవలసియున్నది. వెనుకకు చిమ్మిన నీరు వెనుకనున్న నీటిని నెట్టుటచేత పడవ ముందుకు పోవునని పలువురు తలంతురు. అది నిజము గాదు. పొలమున ఇంజిను పంపు పెట్టినపుడు, గొట్టపు మూతినుండి నీరు వడిగా వెడలుచుండగా గొట్టము వెనుకకు తన్నుట మీరు చూచియుందురు. ఎదుట గాలి తప్ప మఱేమియు లేదు, అయినను తన్నును. నీటిని ముందుకు త్రోసిన బలమే గొట్టమును వెనుకకు త్రోయుచున్నది. కావున చిమ్ముడు మూతి నీటిలో మునిగియుండనక్కఱలేదు.

హామిల్టను 1953 వ సంవత్సరమున ప్రయోగములు మొదలిడి, తన ఆనకట్ట చెఱువులోనే పరీక్షలు చేసెను. అప్పటికి అమెరికాలో దొరకు హాన్లీ యను వారి యంత్రమున, పీల్చిన నీరు పడవ అడుగుననుండు తిరుగుడు మూతి గుండ నీటిలోనికే చిమ్మబడుచుండెను. దానిని మార్చి మార్చి చూచినను పడవ యీడ్చుకొనుచు పోయెనే గాని పరుగెత్తలేదు. అప్పుడు కర్మాగారములోని పనివారిలో నొకడు, మూతిని నీటిమట్టమునకు కొంచెము పైగా వెనుకభాగమున పెట్టి చూడరాదా యని సూచించెను. అట్లు చేయగానే పడవ గంటకు 17 మైళ్ళ వేగమందుకొనెను. మూతిని జానెడు పైకెత్తుటయే! పనివాని మాటను చెవిని బెట్టుటయే హామిల్టనునందలి గొప్పతనమని నాకు తోచుచున్నది. అడుగు చదునై, దానినుండి క్రిందికి పొడుచుకొని వచ్చునది యేదియు లేకపోవుటచే, వేగముగా పోవు పడవకు కొలది యంగుళముల నీరు చాలెను. తరువాత కొన్ని యేండ్లకు, బావుల పంపువలె నీటిని అంచులకు విసరు చక్రమును మాని, నీటిని తిన్నగా వెనుకకు త్రోయు రెక్కల చక్రమును అమర్చి యంత్రమును మఱింత బాగుచేసిరి.

అయితే పంకాకు రాయి శత్రువైనచో, నీటిచిమ్మునకు నాచు శత్రువు. హామిల్టను యంత్రమును పొగడువారు ఈ సంగతి తఱచుగా చెప్పరు. పడవ అడుగున నీటిని మ్రింగు నోరొకటి యున్నది. రాళ్ళు లోనికి పోకుండ దానికి ఊచల జల్లెడ బిగింతురు. తేలుడు నాచుగాని, సముద్రతీరమున తుపాను పిమ్మట కొట్టుకొనివచ్చు పాచిగాని, మన చెఱువులలోని గుర్రపుడెక్కగాని ఆ నోటికడకు వచ్చినచో, పీల్పునకు లోబడి ఊచలకు చాపవలె అంటుకొనును. నీరు చాలక రెక్కలు గుల్లనీటిలో తిరుగును. ఇంజిను ఱంకెవేయును, పడవ మాత్రము మందగించును. అనుభవజ్ఞుడగు నావికుడు చెవితోనే దీనిని కనిపెట్టును. ఇంజినును చల్లార్చు నీరుకూడ పలు యంత్రములలో నా దారినే వచ్చును గనుక, ఉష్ణమాపకపు ముల్లు పైకెక్కుట రెండవ గుఱుతు. సన్నని పొడవైన తీగలు ఊచల సందున దూఱి లోపలి యిరుసునకు త్రాడువలె చుట్టుకొనుటయు కలదు.

అంతకంటె భయంకరమైనది వేఱొకటి కలదు. ఇట్టి పడవకు చుక్కాని లేదు. చిమ్ముడు మూతిని కుడికి ఎడమకు త్రిప్పుటయే దిక్కు మార్చుట. ధార పోయినచో నడకతోబాటు చుక్కానియు పోయినట్లే. చెఱువు నడుమ నిది జరిగినచో నవ్వుకొనవచ్చును. సుడుల నడుమ, వంతెన స్తంభములకు ఎగువను జరిగినచో ప్రాణాపాయము.

దీనికి కర్మాగారమువారు కాలక్రమమున చేసిన యుపాయములు పెద్ద విద్యలు గావు. రైతు బుద్ధికి తోచదగినవే. ఊచలను అడ్డముగా గాక పడవ పొడుగునకు సమముగా నిలుపుగా అమర్చిరి. వేగముగా పోవునపుడు ప్రక్కగా జాఱు నీరే చెత్తను వెనుకకు తుడిచివేయును. ఊచల యెడము విషయమున మాత్రము తెగని తగవొకటి యున్నది. దగ్గఱగా పెట్టినచో చిన్న రాయియు లోనికి పోదు గాని నాచు త్వరగా పట్టును. దూరముగా పెట్టినచో నాచు రెక్కలలో నలిగి బయటికి పోవును గాని రాయియు లోనికి పోవును. ఏ నదికి తగిన యెడము ఆ నదికే. మఱియు, మన మెట్టపొలములలోని దంతె వంటి పండ్ల కడ్డీని ఊచల సందులలో నాడునట్లు అమర్చి, మీటతో నడపిన యెడల నాచు దువ్వబడి రాలిపోవునట్లు చేసిరి. నోటికి పైగా పడవలోపలినుండియే తెఱచు నొక మూతయు పెట్టిరి. ఇంజినును పూర్తిగా ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొని, పిమ్మటనే ఆ మూత తెఱచి చేయి దూర్చవలెను. ఆపకుండ చేయి దూర్చినవానికి వ్రేళ్ళు మిగులవు.

నడపువాడు చేయవలసిన పనియు కొంత గలదు. నాచుతెప్పను దూరమునుండి చూచి చుట్టిపోవుట మొదటిది. తప్పనిచో, ముందుగానే వేగమందుకొని, తెప్పను జేరునప్పటికి ఇంజిను బలము తగ్గించి, పడవ యూపుతోనే దాటిపోవలెను. పీల్పు తగ్గినచో నోరు తక్కువ మ్రింగును. నాచు నడుమ మెల్లగా పోవుచు ఇంజినును గట్టిగా త్రిప్పుట అన్నిటికంటె చెడ్డది. పట్టిన పిదప, ఒడ్డునకు దూరముగా నున్నప్పుడు, ఇంజినును నెమ్మదింపజేసి కొంతసేపు నిలిచినచో అంటుకొన్న చాప తనంతట జాఱవచ్చును. చక్రమును వెనుకకు త్రిప్పగల పండ్లచక్రములున్న పడవలలో నీటిని ఎదురు త్రోసి నోటిని పుక్కిలించినట్లు కడుగవచ్చును.

ఈ విషయమును నేనింత విస్తరించుటకు కారణము లేకపోలేదు. 2023 జూలైలో మునేరు పొంగి నందిగామ చెంత ఐతవరము కడ జాతీయ రహదారి మునిగి బండ్లు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు మొదట మరల వరద వచ్చినది. వరదలో చిక్కినవారిని రక్షించుటకు నీటిచిమ్ము పడవ కొక గొప్ప గుణము కలదు. అడుగున బయటికి కనబడు రెక్కలు లేవు గనుక, నీటిలో నున్న మనిషిని పంకా కోయునను భయము లేదు. కాని వరదనీరు ఖాళీగా రాదు. గడ్డిమోపులు, కంప, త్రాళ్ళు, బట్టలు, చెఱువులనుండి తెగివచ్చిన గుర్రపుడెక్క అన్నియు దానితో వచ్చును. పువ్వు అందమునకై దక్షిణ అమెరికానుండి తెచ్చి పెంపగా, పందొమ్మిదవ శతాబ్దాంతమున వంగదేశమున కాలుమోపిన ఆ మొక్క, కాడలలో గాలి నింపుకొని తేలుచు, అనుకూలమైన నీటిలో రెండు వారములకే రెట్టింపగుచు, మన దేశపు పలు కాలువలను ఆక్రమించినది. పడవ కొనుటతో పని తీఱదు. దంతెయు మూతయు నున్నదా యని చూచుటయు, నడపువానికి నాచునీటిలో అభ్యాసము చేయించుటయు అవసరములు. న్యూజిలాండులో వేఱొక నియమము గూడ కలదు. ఒక సరస్సున తిరిగిన పడవను మఱొక సరస్సులో దింపక పూర్వము, అంటిన నాచు తునుకను సయితము తీసి, కడిగి, ఆరబెట్టవలెను. లేనిచో ఆ తునుకయే క్రొత్త నీటిలో వనమగును.

హామిల్టను కీర్తి దేశాంతరములకు ప్రాకినది 1960 లో. అమెరికాలోని కొలరాడో నది, గ్రాండు కేన్యను అను మహాలోయలో, భయంకరములగు జలపాతముల మీదుగా దూకుచు పోవును. దిగువకు పోయినవారు కలరు గాని ఎదురెక్కినవారు లేరు. హామిల్టను పడవలు ఎదురెక్కునన్నపుడు అచ్చటి పత్రికలవారు పరిహసించిరి. ఆ వేసవిని ఆయన కుమారుడు జాన్ మొదలగువారు ఆ పడవలలో ముందు దిగువకు వచ్చి, పిదప లావా ఫాల్సు వంటి ఘోరమైన సుడులను సయితము దాటి, లోయనంతయు ఎదురెక్కిరి. మఱుసటి సంవత్సరమున ఆయనకు ఓ.బి.ఇ. బిరుదమును, 1974 లో సర్ బిరుదమును లభించినవి.

మన దేశముతోడను ఆ పడవలకు సంబంధము కలిగినది. ఎవరెస్టు నెక్కిన సర్ ఎడ్మండు హిల్లరీ, 1977 లో గంగానది సాగరసంగమమునుండి మూడు జెట్టు పడవలలో బయలుదేరి, వందలకొలది మైళ్ళు ఎదురెక్కి, హిమాలయములలో నందప్రయాగ చెంత ఒక జలపాతము అడ్డగించువఱకు పోయెను. పడవలకు గంగ, కివి, ఎయిరిండియా అని పేళ్ళు. వానిని నడపినవారిలో జాన్ హామిల్టను ముఖ్యుడు. నదీతీరముల పొడవునను వేలకొలది జనులు గుమిగూడి, పంకా లేక పరుగెత్తు నా పడవలను చూచిరి.

వృద్ధుడగు బిల్ హామిల్టను ఆ యాత్ర ముగిసిన కొలది నెలలకు, 1978 మార్చి 30 వ తేదీన, డెబ్బదియెనిమిదవ యేట మరణించెను. క్రైస్టుచర్చి కర్మాగారము ఆయన వెనుకను నిలిచినది. అచ్చటినుండి కావలి పడవలకును, రక్షక పడవలకును, ప్రయాణికుల ఓడలకును యంత్రములు పలు దేశములకు పోవుచున్నవి. వాని నోళ్ళకు నేటికిని ఊచల జల్లెడ బిగించియే పంపుచున్నారు.