నానమ్మ కాలు, సుబ్బారావు గారి మాత్ర

చల్లపల్లిలో మా నానమ్మకి ఎడమ కాలు బోదకాలు. నా చిన్నప్పుడు ఆశా వర్కర్ ఇంటికొచ్చి డీఈసీ మాత్రలు ఇచ్చేది. నానమ్మ బుద్ధిగా మింగేది. నేను పెరట్లోకెళ్లి ఉమ్మేసేవాణ్ణి. ఆ మందు వెనక యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ ఉందని మొన్న లైబ్రరీలో చదివాకే తెలిసింది.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు (నా బ్యాక్‌లాగ్‌కి కాస్త ధైర్యం వచ్చింది). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఓ ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ రాలేదు. ఇది మాత్రం నాకు మింగుడు పడదు.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫరస్ ఉన్నట్టు. ఆ దారిలోనే కండరాల్లో ఏటీపీ దొరికింది. అయినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడే ఫోలిక్ యాసిడ్, 1947లో బోదకాలు మందు. మరుసటి ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు, 53 ఏళ్లకి.

ఆ మాత్ర పాత వాపుని తగ్గించదట. రక్తంలో తిరిగే పురుగు పిల్లల్ని చంపుతుంది, దోమ వాటిని ఇంకొకరికి మోసుకెళ్లకుండా. అంటే నానమ్మ మింగింది మా కోసం.

సెలవులకి వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాను. ఒక్కసారైనా వచ్చి భార్యని చూశాడా అని అడిగింది. లేదన్నాను. ఏమీ అనకుండా కాలు మంచం మీదకి సర్దుకుంది.