లలిత గారి పట్టా

మన బడిలో లెక్కలు నేర్చుకుని, ఆపై ప్రభుత్వ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆ నాలుగేళ్లలో అయ్యలసోమయాజుల లలిత గారి పేరు ఒక్కసారీ నా చెవిన పడలేదు. మా అమ్మాయి అదే బ్రాంచిలో చేరాక తనే చెప్పింది. సిగ్గనిపించింది.

లలిత గారు 1919లో మద్రాసులో ఒక తెలుగింట పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదో ఏట భర్త పోయేనాటికి ఒళ్లో నాలుగు నెలల పసిపాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లకు మిగిలేది ఇంట్లో ఓ మూల. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడి, 1940లో కూతుర్ని అక్కడే చేర్పించారు. కాలేజీ నిండా మగపిల్లలే. తర్వాత మరో ఇద్దరమ్మాయిలు సివిల్‌లో చేరారు. లలిత గారు హాస్టల్లో, పాప బంధువుల ఇంట్లో.

చదువు పూర్తయ్యాక పట్టా ఇవ్వాల్సి వచ్చింది. అచ్చు వేసిన కాగితంలో ఉన్నది 'అతడు' అన్న మాటే! దాన్ని కొట్టేసి, 'ఆమె' అని చేత్తో దిద్ది ఇచ్చారు.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేశారు. కొన్నాళ్లు సిమ్లాలో ఉద్యోగం. ఎక్కువ కాలం పనిచేసింది మాత్రం కలకత్తాలో, అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో. నా బతుకుతెరువైన ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైనే ఆవిడ పని కూడా. భాక్రా నంగల్ జనరేటర్లలోనూ ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1979లో, అరవై ఏళ్లకే పోయారు.